పరిశోధనశాల వాకిలి ఎవరికొరకు?

వైద్యుడు కాగోరు బాలుడు మన దేశమున ఆసుపత్రి లోపలిభాగమును ఎప్పుడు చూచును? తాను రోగియైనప్పుడు చూచును. లేదా తాతకో తల్లికో అన్నపు క్యారియరు మోసికొని పోయినప్పుడు చూచును. అంతియేకాని, రోగమునకు కారణమును ఎట్లు వెదకుదురో, మందు పనిచేసినదో లేదో ఎట్లు లెక్కకట్టుదురో కన్నులార చూచుటకు వానికి ప్రవేశము లేదు. ఆ భాగ్యము వైద్యకళాశాలలో సీటు సంపాదించిన పిమ్మటనే. ఈ యాచారము తప్పని మేము నిస్సంశయముగా చెప్పుచున్నాము. ఉన్నత పాఠశాల విద్యార్థులను వేసవి సెలవులలో కొన్ని వారములపాటు ఆసుపత్రుల పరిశోధన శాఖలలో శిష్యులుగా చేర్చుకొనవలయును. అది ధనికుల యింటి యలంకారముగా గాక, సర్కారు బడి బిడ్డల హక్కుగా రావలయును.

ఇది గాలిలో మేడ కాదు. అమెరికాలో మెయిన్ రాష్ట్రమునందలి జాక్సన్ ప్రయోగశాల 1924 నుండియే వేసవి విద్యార్థులకు తలుపు తెరచినది. 1955లో అచ్చటికి వచ్చిన ఉన్నత పాఠశాల విద్యార్థి డేవిడ్ బాల్టిమోర్. అంతకు పూర్వము తానును అట్లే వచ్చి, ఆ యేట చిన్నవారికి దారి చూపుచుండిన యువకుడు హోవర్డ్ టెమిన్. ఇరువది యేండ్ల తరువాత, 1975లో, క్యాన్సరు కలిగించు వైరసులను గూర్చిన పరిశోధనకు నోబెల్ బహుమానమును పంచుకొనిన మువ్వురిలో వీరిరువురు నుండిరి. బాల్యమున దొరకిన ఒక్క వేసవి ఎంత ఫలమిచ్చునో ఇంతకంటె నిదర్శన మేమి కావలయును?

ఐనను అచ్చటను ఈ చెట్టునకు చీడ పట్టినది. భృతి యిచ్చి బాలురను చేర్చుకొను సంస్థల ప్రక్కనే, వేలకొలది డాలర్లు గైకొని శిక్షణమును, యోగ్యతాపత్రమును అమ్ము అంగళ్లు వెలసినవి. కళాశాల ప్రవేశమునకు పనికివచ్చునని తలిదండ్రులు కొనుచున్నారు. వారిలో మన తెలుగువారును ఉన్నారు. మన నగరములలో సయితము పెద్ద వైద్యునితో పరిచయము గలవాని కుమారునికి ఆసుపత్రి తలుపు నిమిషములో తెరచుకొనును. మేము కోరునది ఈ బేరమును గాదు. కొనిన పరిశోధన పరిశోధన కాదు. అది పెండ్లికి అరువు తెచ్చిన నగ.

ఇక మన యింట నున్నదేమి? భారత వైద్య పరిశోధన మండలి 1979లో స్వల్పకాల పరిశోధన భృతులను నెలకొల్పినది. మంచిదే, కాని అవి వైద్యకళాశాల గడప దాటినవారికే. 1999లో వెలసిన కిశోర వైజ్ఞానిక ప్రోత్సాహన యోజన 2022లో ఇన్‌స్పైర్ పథకమున కలిసిపోయినది. ఇన్‌స్పైర్ శిబిరములు అయిదు దినములవి. అందు బాలురు శాస్త్రజ్ఞుల యుపన్యాసములు విందురు. వినుట వేరు, పనిచేయుట వేరు. గట్టున నిలిచి ఈత నేర్చినవా డెవడు? మిగిలినదంతయు కోచింగు. నాలుగు జవాబులలో ఒకదానిని గుర్తించుటయే విద్యయని తెల్లవారుజాము మొదలు అర్ధరాత్రివరకు మన బిడ్డలకు నూరిపోయుచున్నాము. పరిశోధనలో జవాబులు నాలుగుండవు. ఒక్కటియైనను ముందుగా నుండదు.

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషను పరీక్షను మూడవ ప్రయత్నమునగాని దాటలేదు. నేటి ర్యాంకుల జల్లెడలో ఆతడు పొట్టుతో కలిసి పారవేయబడియుండును. స్ప్రూ అను జీర్ణకోశ వ్యాధి ఆతని సోదరులను బలిగొన్నది. ఆతడు బోస్టను చేరి, ఆసుపత్రిలో రాత్రివేళ సేవకుని పని చేసి పొట్ట పోసికొనెను. ఆ స్ప్రూ రోగులకు పనికివచ్చిన ఫోలిక్ ఆమ్లమును 1945లో కృత్రిమముగా తయారుచేసినది ఆతని నాయకత్వమున పనిచేసిన బృందమే. రోగమును దగ్గరనుండి చూచినవాని పట్టుదలను ఏ పరీక్ష కొలువగలదు?

మన గడ్డమీద జరిగిన మరియొక కథ కలదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. ఆ దోమలకు తన రక్తము నిచ్చిన హుసేన్ ఖానునకు దోమకొక అణా ముట్టినది. రాసునకు 1902లో నోబెల్ బహుమానము ముట్టినది. రక్తము మనది, శాస్త్రము పరులది! ఈ బేరము ఇంకను ఎన్నాళ్లు?

ఆ ప్రశ్న నేడు శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున నిలిచియున్నది. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతముల కొబ్బరితోటల నడుమ మూత్రపిండ వ్యాధి వేలకొలది కుటుంబములను కూల్చినది. పరిశోధకులు నీటిని, మట్టిని, పురుగుమందులను, ఎండలో శ్రమను శంకించిరి; నిశ్చయమైన కారణ మింకను తేలలేదు. పలాసలో 2023 డిసెంబరున మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రమును, ఆసుపత్రియు ప్రారంభింపబడినవి. ఆ కేంద్రమున ఉద్దానపు బిడ్డకు చోటేది? ఏ యింటివారు ఏ బావి నీరు త్రాగుదురో, ఏ తోటలో ఏ మందు చల్లుదురో కవిటి బడి బాలికకు తెలిసినంత రాజధానినుండి వచ్చిన నిపుణునికి తెలియునా? నీటి నమూనాను సేకరించి చీటి వ్రాయుట, పేర్లు తొలగించిన పట్టికలలో క్రియాటినిన్ అంకెలను సరిచూచుట, గ్రామములలో పరిశోధకుల వెంటనుండి మన మాటలో వివరించుట ఆమెకు నేర్పరాదా? రోగులను మాత్రమే యిచ్చు సీమ పరిశోధకులను గూడ ఈయవలదా?

రోగుల రహస్యములు బాలురచేత చిక్కునని కొంద రందురు. ఈ భయము న్యాయమైనది. కావున రోగి సమ్మతి యననేమో, రహస్యరక్షణ యననేమో మొదటి వారమున నేర్పిన పిమ్మటనే పని యొప్పగింపవలయును. రోగిని తాకుట, సూది పట్టుట పూర్తిగా నిషేధింపవలయును. పరీక్షలు చెడునని తలిదండ్రు లందురు. సెలవులలో ఆరు వారములకు చెడిపోవు చదువు చదువే కాదు. రోగులను చూచుటకే వైద్యులకు తీరిక లేదనుట సత్యము. అందుచే కొలదిమందితోనే యారంభించి, నేర్పు వైద్యునికి కాలమును, వేతనమును కేటాయింపవలయును.

రెండు తెలుగు ప్రభుత్వములను మేమడుగునది స్పష్టము. ప్రతి ప్రభుత్వ వైద్యకళాశాల ఆసుపత్రియు వేసవికి పదిమంది పాఠశాల విద్యార్థులను చేర్చుకొనవలయును. వారిలో అధికభాగము సర్కారు బడులవారు కావలయును. రుసుము గైకొనరాదు, దారిఖర్చు, భోజనము, భృతి యీయవలయును. ఎంపిక మార్కులతో గాక, బాలుడు తన యూరి రోగమును గూర్చి వేయు ప్రశ్నతో జరుగవలయును.

మేడలు కట్టినంత మాత్రమున పరిశోధన పుట్టదు. అడుగువాడు కావలయును. ఆ యడుగువాడు నేడు ఏదో యొక పల్లెబడిలో వెనుక బల్లమీద కూర్చుండి యున్నాడు. వానిని లోనికి పిలుతుమా, వాకిటనే నిలుపుదుమా?