జన్యువు ఉన్నంత మాత్రాన కరువు ఆగదు

"జన్యు పరీక్షలో నెగ్గిన బ్యాక్టీరియా ఇది. విత్తనానికి పట్టిస్తే చాలు, వాన మొహం చాటేసినా శెనక్కాయ నిలబడుతుంది." అనంతపురం జిల్లా కణేకల్ లాంటి కరువు సీమలో ఈ మాట చెవికి ఇంపుగానే ఉంటుంది. పరీక్ష నిజమే. దాని మీద కట్టిన ఆశే తప్పు.

బెట్ట తగిలినప్పుడు మొక్క వేళ్లలో ఏసీసీ అనే పదార్థం పెరిగి ఇథిలీన్‌గా మారుతుంది. ఇథిలీన్ ఎక్కువైతే వేరు ఎదగదు. కొన్ని బ్యాక్టీరియాలు ఆ ఏసీసీని విరగ్గొట్టి తమకు నత్రజనిగా వాడుకుంటాయి. అందుకు కావాల్సిన ఎంజైమును తయారుచేసే ఏసీడీఎస్ జన్యువు ఉందో లేదో పీసీఆర్ అనే జన్యు పరీక్షతో గంటల్లో తేలిపోతుంది. వందల నమూనాల్లోంచి పదింటిని ఏరడానికి అది మంచి జల్లెడ. అంతవరకు ఒప్పుకుందాం.

అయితే ఏసీడీఎస్‌ను పోలి, వేరే పని చేసే జన్యువులూ ఉన్నాయి. టమాటాలోని అలాంటి ఒక ఎంజైములో రెండే రెండు అమైనో ఆమ్లాలు మారిస్తే, దానికి ఏసీసీని విరిచే గుణం వచ్చింది. తేడా అంత సన్ననిది. పోనీ, అసలు జన్యువే ఉందనుకుందాం. అది పనిలోకి దిగాలన్నా ముందు బ్యాక్టీరియా బతకాలి. కణేకల్ చుట్టూ హగరి ఏటి ఇసుక ఉంది, నల్లరేగడి ఉంది, తుంగభద్ర ఎగువ కాలువ కింద వరి మడీ ఉంది. ఒక నేలలో నిలదొక్కుకున్నది మరో నేలలో నిలుస్తుందన్న హామీ ఏ పీసీఆరూ ఇవ్వదు.

పాత అనుభవమూ ఇదే చెబుతోంది. ఇక్రిశాట్ పరిశోధన సంస్థ పరీక్షించిన ఎన్‌సీ 92 అనే రైజోబియం (వేరు బుడిపెల్లో నత్రజని పట్టే బ్యాక్టీరియా), మన కదిరి 3గా పేరుబడ్డ రోబట్ 33-1 శెనక్కాయ రకంతో దిగుబడి పెంచింది. అన్ని రకాలతోనూ అలా కలిసిరాలేదు.

ఇలా పాకెట్లలో అమ్మే బ్యాక్టీరియా, అంటే జీవన ఎరువులు, 2006లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి వచ్చాయి. పొడి రైజోబియంలో గ్రాముకు కనీసం 5 కోట్ల బతికున్న కణాలుండాలి. ఎండ తగిలే అరలో పాకెట్టు నెలల తరబడి పడుంటే ఆ లెక్క నిలవదు. బెల్లం నీళ్లతో పట్టించిన విత్తనాన్ని నీడన కాక ఎండలో ఆరబోసినా అంతే సంగతులు.

కాబట్టి అమ్మేవాళ్లు చూపాల్సింది ల్యాబు కాగితం కాదు. మన నేలలో, మన రకంతో, బ్యాక్టీరియా పట్టించని సాళ్లను పక్కనే పెట్టి, రెండు మూడు ఖరీఫ్‌లు తూచిన దిగుబడి చూపాలి. అందులో బెట్ట ఏటి లెక్క లేకపోతే, "కరువును తట్టుకుంటుంది" అన్న మాటను పాకెట్టు మీంచి తీసేయాలి.