మినహాయింపు ఎవరికి?

ఎండాకాలంలో మా ఆత్మకూర్ దిక్కు రైతులు చెరువు పూడికమట్టిని చెలకలకు తోలుకుంటరు. చెరువు లోతవుతుంది, చెలకకు సత్తువ వస్తుంది. ఇంతమాత్రానికి పర్యావరణ అనుమతి ఎందుకు? 2016లో కేంద్రం ఊరి చెరువుల పూడికతీతకు, కుమ్మరులు చేత్తో తీసే మట్టికి మినహాయింపు ఇచ్చింది. సబబే! 2020లో మాత్రం రోడ్లు, పైపులైన్ల పనులకు తవ్వే మట్టినీ అందులో కలిపింది. ఎంత తవ్వాలో హద్దు పెట్టలేదు. 2024 మార్చిలో సుప్రీంకోర్టు ఆ అంశాన్ని కొట్టేసింది.

చెలకకు చాలినంత పడగానే మా నాయిన బండి ఆపుతడు. రైతు పేరు చెప్పి ఇటుక బట్టీలకు తోలేవాడు ఆపుతడా? కాబట్టి చిన్న పనికి అనుమతి వద్దు గాని, లెక్క ఉండాలి. ఎవరు ఎన్ని ట్రిప్పులు తోలిండ్రో పంచాయతీ గోడమీద రాయాలి. ఈ సెలవుల్లో ఆ రాతపని మనమే మొదలుపెడదాం!