చెక్కుడు యంత్రమునకు ఎట్టి కంప్యూటరు కావలెను?

గత వేసవిలో మన విద్యార్థి యొకని తండ్రి, వృత్తిచే వడ్రంగి, తన తాతగారి యింటి తలుపునుండి తీసిన టేకు పలకను పాఠశాలకు తెచ్చి, ప్రార్థనామందిరమున నుంచుటకై దానిపై సిలువయు ద్రాక్షతీగెయు చెక్కింపుమని కోరెను. మన చిన్న సి.ఎన్.సి. యంత్రముపై రెండు గంటలు పని చక్కగా సాగెను. గుత్తి సగము ముగియుసరికి కంప్యూటరు తన్ను తాను నవీకరించుకొనుటకై ఆగి, మరల మొదలయ్యెను. నేను తొందరపడి, యంత్రము నిలిచిన తావును అంచనావేసి పనిని తిరిగి ఆరంభించితిని. కత్తి సిలువమీదుగా అడ్డముగా పోయెను. ఆయన పలకను చేతితో తడిమి, "పోనీ తియ్యుండ్రి సారూ" అని వెళ్లిపోయెను.

ఇప్పుడు మిక్కిలి వేగముగల క్రొత్త కంప్యూటరును కొనవలెనని కొందరు పెద్దలు సెలవిచ్చుచున్నారు. వారి సదుద్దేశమును శంకింపను గాని, ఆ యాలోచన సరికాదని నా యభిప్రాయము.

ఈ యంత్రమునకు కావలసినది వేగము కాదు, వేళ తప్పకుండుట. మన స్టెప్పరు మోటారు ఒక చుట్టు తిరుగుటకు 200 అడుగులు వేయును. డ్రైవరు ఒక్కొక్క అడుగును ఎనిమిది భాగములు చేయగా చుట్టునకు 1,600 స్పందనము లగును. ఒక చుట్టునకు 5 మిల్లీమీటర్లు జరిపెడి మరకు మిల్లీమీటరునకు 320 స్పందనములు పంపవలెను. సెకనుకు 25 మిల్లీమీటర్లు కదలవలెనన్న 8,000 స్పందనములు సమానమైన యెడముతో పోవలెను. నడుమ కంప్యూటరు వేరొక పనిలో పడి రవంత ఆలస్యము చేసినచో మోటారు అడుగు తప్పును. తప్పినట్లు చెప్పుటకు ఇట్టి చౌక యంత్రములలో ఏ సాధనమును లేదు. ఎంత ఖరీదైన కంప్యూటరైనను, విద్యుత్తును పొదుపుచేయుటకు నడుమనడుమ కునుకుతీసెడిదైనచో ఈ పనికి కొరగాదు. ల్యాప్‌టాపులలో ఈ లోపము మెండు.

కావున రెండు త్రోవలున్నవి. మొదటిది, సమాంతర పోర్టుగల పాత బల్ల కంప్యూటరుపై లినక్స్ సి.ఎన్.సి.ని నడుపుట. అమెరికా ప్రభుత్వపు ప్రమాణముల సంస్థలో 1990ల పరిశోధననుండి పుట్టిన ఈ ఉచిత సాఫ్ట్‌వేరునందు ఆలస్యపరీక్ష యొకటి కలదు. అది సెకనులో వందకోట్లవ భాగములలో కంప్యూటరు ఆలస్యమును చూపును. కొనకముందే ఆ పరీక్షను కొన్ని గంటలు నడిపి చూచిన మోసపోము. పోర్టు లేనిచో లోపల కార్డు నమర్చవచ్చును గాని, ముద్రణయంత్రములకై అమ్మెడి యు.ఎస్.బి. మార్పిడితీగె దీనికి పనికిరాదు. మాక్ 3 వాడువారు దాని సమాంతరపోర్టు డ్రైవరు 32 బిట్ల విండోస్‌పైననే నడచునని యెరుగుదురు.

రెండవ త్రోవయే మనకు మేలు. 2009లో ఆరంభమైన గ్రబుల్ అను ఉచిత సాఫ్ట్‌వేరు ఆర్డుయినో యూనో అను చిన్న పలకపై నడచును. దాని స్మృతి 32 కిలోబైట్లు మాత్రమే. అయినను సెకనుకు 30,000 స్పందనముల వరకు తప్పక పంపగలదు, ఏలయన దానికి వేరు పనియే లేదు. దానికి తోడుగా మనకు కావలసినది ఆజ్ఞలను వరుసగా అందించు సాధారణ కంప్యూటరు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10నకు మైక్రోసాఫ్ట్ వారి సాధారణ ఆదరణ ముగిసినందున ఆఫీసులు మంచి కంప్యూటర్లనే త్రోసివేయుచున్నవి. వానిలో ఒకదానిని తెచ్చుకొని, లినక్స్ వేసి, ఇంటర్నెట్టునకు కలుపకుండిన చాలును. కలుపకున్న నవీకరణ రాదు, నా తప్పు మరల జరుగదు.

మన ప్రాంతమున అసలు శత్రువులు వేరు: పొట్టు, ఎండ, కరెంటు. కర్రపొట్టు ఫ్యానులలో పేరుకొని వేడి పెంచును. తిరుగుడు డిస్కును తీసి సాలిడ్ స్టేట్ డిస్కు వేయవలెను. 1999 మొదలు 2007 వరకు వచ్చిన మదరుబోర్డులలో కెపాసిటర్లు ఉబ్బుట విరివిగా జరిగినందున ఆ కాలపువానిని విప్పి చూడక కొనరాదు. రాస్ప్‌బెర్రీ పై చిన్నదై ముద్దుగా నుండును గాని, కరెంటు హఠాత్తుగా పోయినప్పుడు దాని మెమొరీ కార్డు చెడుట కద్దు. యు.పి.ఎస్. లేనిదే దానిని మన యూర నుంచరాదు.

1943లో సికింద్రాబాదున స్థాపింపబడిన ప్రాగా టూల్స్ వారి సానయంత్రములు పాతబడినను మరమ్మతుచేసి వాడవచ్చును. ఇనుము ఓర్చుకొన్నంత కాలము ఎలక్ట్రానిక్ పలక ఓర్చుకొనదు. కావున చెడనిదానికై వెదకుట వ్యర్థము, చెడినప్పుడు సులభముగా మార్చదగినదానినే కోరవలెను. యూనో పలక నకళ్లు వేయి రూపాయలకు లోపుగనే దొరకుచున్నవి. రెండు అదనముగా కొని, గ్రబుల్ ఎక్కించి, డబ్బాలో భద్రపరచవలెను. మిల్లీమీటరునకు 320 మొదలగు అమరికలన్నియు నోటుపుస్తకమున సిరాతో వ్రాసి యంత్రము చెంత నుంచవలెను. నేను లేని దినమున పదవ తరగతి బాలుడైనను పలక మార్చి పని సాగింపగలుగును.

ఆ టేకు పలక నాయొద్దనే యున్నది. దాని వెనుకవైపు నున్నగా, చెక్కదగినంత మందముతో నున్నది. పాఠశాల సంఘమువారు ఈ కొద్ది సొమ్మును మంజూరుచేసిన దినముననే ఆ వడ్రంగిగారికి కబురంపుదును.