పెరటి చుట్టములు

పెరటిచెట్టు వైద్యమునకు పనికిరాదని తెలుగువారి సామెత. దగ్గరనున్న వస్తువునెడల మనుజునకు గల చిన్నచూపు ఈ మాటలో చక్కగా తెలియుచున్నది. వన్యప్రాణులను చూచుటకై టిక్కెట్టు కొని జంతుప్రదర్శనశాలకు పోవు విద్యార్థి తన ఇంటి కరివేపచెట్టుపై ఏమి జరుగుచున్నదో ఎరుగడు. బోనులో నిద్రించు సింహముకంటె అచట చూడదగిన వింతలు ఎక్కువ.

కరివేప లేతాకులపై ఒక్కొక్కప్పుడు పిట్టరెట్టవంటి మచ్చ యొకటి కనబడును. తేరిపార చూచినచో అది మెల్లగా కదలును. నల్లని రెక్కలపై తెల్లచుక్కల వరుస గల ఒక సీతాకోకచిలుకకు అది పిల్ల, అనగా గొంగళిపురుగు. రెట్టను తినుటకు ఏ పక్షియు ఇచ్చగింపదు గదా! ఈ మారువేషమే దానికి రక్ష. కొంత పెరిగిన పిదప అది ఆ వేషమును విడిచి, ఆకుపచ్చని రంగు దాల్చి, ఆకులలో కలిసిపోవును. ఎవరైన తాకినచో తల వెనుకనుండి ఎఱ్ఱని కొమ్ములవంటి అవయవమును చాచి ఘాటైన వాసన వెదజల్లును. నిమ్మ, నారింజ, మారేడు ఆకులు కూడ దీనికి ఆహారమే. వంటకై ఆకు కోయవచ్చినవారు మాత్రము కొరికిన రెమ్మలను చూచి విసుగుకొందురు. వెంటనే పురుగుమందు వచ్చును. చిత్రమేమనగా, తమ పూలమొక్కలపై సీతాకోకచిలుకలు వ్రాలుట లేదని విచారించువారును వారే. గుప్పెడు ఆకు పోయినందువలన ఏ ఇంటి పులుసు రుచియు చెడలేదు.

పిచ్చుకల విషయమును ఇట్టిదే. కోతలైన పిదప వరికంకులను కుచ్చులుగా అల్లి, ఇంటి చూరునకును దేవాలయ మండపములకును వ్రేలగట్టుట తెలుగునాట పూర్వమునుండి వచ్చుచున్న ఆచారము. అది సుందరమైన ఆచారము. కాని గింజ పెద్ద పిచ్చుకకు ఆహారమగునే గాని, గూటిలోని పసికూనలకు తల్లిదండ్రులు తెచ్చిపెట్టునవి ముఖ్యముగా పురుగులు. మందు చల్లి పురుగులనెల్ల చంపిన పెరటిలో గింజలెన్ని చల్లినను కూనలు పెరుగజాలవు. పెంకుటింటి చూరులలో, గోడ సందులలో గూడు పెట్టుకొను ఆ పిట్టకు నున్నని సిమెంటు గోడలో చోటు లేదు. దుమ్ములో పొరలి స్నానమాడుట దానికి అలవాటు. గచ్చు చేసిన పెరటిలో దుమ్మును లేదు. 2010 నుండి ఏటేట మార్చి 20వ తేదీన ప్రపంచ పిచ్చుకల దినము జరుపబడుచున్నది. ఆనాడు ఉపన్యసించు పెద్దలు తమ పెరటిలో రెండడుగుల మట్టినేలను గచ్చు చేయక విడిచినచో పిచ్చుకలు ఎక్కువ సంతోషించును.

ఊడ్చి తుడిచిన పెరటిని పొగడుట లోకమునకు అలవాటు. కాని రాలిన ఆకులను ఒక మూల కుళ్ళనిచ్చినచో అందు వానపాములును పురుగులును చేరును. వాటికై గోరువంకలు, జెముడుకాకులు వచ్చును. మందారపూవునకు తేనెపిట్ట వచ్చును. దర్జీపిట్ట వెడల్పైన ఆకు నెన్నుకొని, అంచులకు ముక్కుతో చిల్లులు పొడిచి, దూదిపోగులతోను సాలెపట్టుతోను కుట్టి, ఆ సంచిలో గూడు పెట్టును. పిచ్చిమొక్క యని పీకివేయు జిల్లేడు ఇంకొక జాతి సీతాకోకచిలుకకు పుట్టిల్లు. వేసవిలో లోతులేని మట్టిమూకుడుతో నీరు పెట్టుట మంచిది. దోమలు పెరుగకుండ ఆ నీటిని దినదినము మార్చవలెను.

పొదలున్నచో పాములు వచ్చునని పెద్దలు భయపడుదురు. ఆ భయము నిరాధారము కాదు. అందుచే ఆకుకుప్ప ఇంటిగోడకు దూరముగా, పెరటి చివర నుండవలెను. చీకటిలో అందు చేయి పెట్టరాదు. ఎలుకలకై పెట్టిన విషము మాత్రము ఆ ఎలుకను తిన్న గుడ్లగూబకును ప్రాణాంతకము కాగలదు.

పిట్టలపై ప్రేమతో వాటిని బంధించువారును కలరు. రామచిలుకను ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2018లో రాష్ట్రపక్షిగా ప్రకటించినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును బట్టి దానిని పంజరమున పెంచుట నేరము. జామపండును సగము కొరికి పారవేయు చిలుక దొంగయే కావచ్చును. దానిని పంజరమున నుంచిన యజమాని అంతకంటె పెద్ద దొంగ.

పిచ్చుక గొంతుపై పసుపుమచ్చ యేల యున్నదను సందేహముతో ఒక బాలుడు బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమునకు పోయెను. 1941లో భారతదేశపు పక్షులను గూర్చి ప్రసిద్ధ గ్రంథమును వెలువరించిన సలీం ఆలీయే ఆ బాలుడు. ఆ పిట్టను ఆయన తుపాకితో కొట్టి తీసికొనిపోయెను. నేటి బాలునకు తుపాకి అక్కరలేదు. ఏ పిట్ట ఎన్నడు వచ్చెనో, ఏమి తినెనో వ్రాసికొనుటకు ఒక నోటుపుస్తకము చాలును.

పెరడు లేని మేడమీది ఇంటివారు కుండీలో కరివేపమొక్క నొకదానిని పెంచవచ్చును. తల్లి సీతాకోకచిలుక అచటికిని వచ్చును. ఆకుపై వ్రాలి, కాళ్ళతో దాని రుచి చూచి, తన పిల్లకు తగినదే యని తెలిసికొనిన పిమ్మట ఒక్క గుడ్డు పెట్టి ఎగిరిపోవును.