ప్లేట్లో కప్ప ఎవరి పొలంలోది?

మొన్న మా స్కూల్ వాట్సాప్ గ్రూప్‌లో ఒక ఫొటో పడింది. సింగపూర్‌లో ఉద్యోగం చేస్తున్న మావాడొకడు గేలాంగ్‌లో రాత్రి భోజనం చేస్తూ పెట్టాడు. మట్టి కుండలో ఎండుమిర్చి వేసిన ముదురు రంగు కూర, పక్కన గిన్నెలో తెల్లటి గంజి. కింద "కప్ప గంజి, సూపర్ రా" అని రాశాడు. అంతే, గ్రూప్ నిండా వాంతి ఎమోజీలు. తమాషా ఏంటంటే, అందరికంటే ముందు "ఛీ" అన్నవాడు భీమవరం వాడు. పీతల పులుసంటే ప్రాణం పెడతాడు. ఆ తర్వాత అన్నవాడికి ఆదివారం బోటీ కూర లేకపోతే ముద్ద దిగదు!

తొలకరికి రెక్కలతో లేచే ఉసిళ్లని పట్టి, వేయించుకుని తినే ఊళ్లు మన దగ్గరే ఉన్నాయి. కాబట్టి ఎవరు ఏం తింటారన్న దాని మీద నాకేం పేచీ లేదు. సింగపూర్ వెళ్లినప్పుడు నేనూ తిన్నాను. కోడికీ చేపకీ మధ్యలో ఉంటుంది, ఎముక సన్నం, కండ మెత్తన. చైనీస్‌లో దాన్ని "తియెన్ జీ" అంటారు, అంటే పొలం కోడి. గోవాలో "జంపింగ్ చికెన్". పేరులో కోడి ఉంటే గొంతు దిగుతుందని కాబోలు.

కప్ప కాళ్లు అనగానే అందరికీ గుర్తొచ్చేది మాత్రం ఫ్రాన్స్. కాళ్లకి పిండి అద్ది, వెన్నలో వేయించి, వెల్లుల్లి, పార్స్లీ తరుగు చల్లుతారు. లియాన్ పక్కన దోంబ్ అని చెరువుల ప్రాంతం ఉంది, అక్కడ ఇది ఊరి వంట. మినరల్ వాటర్ సీసాల మీద కనిపించే విత్తెల్ ఊళ్లో ఏటా ఏప్రిల్ చివర్లో కప్పల జాతర చేస్తారు. టన్నుల కొద్దీ కాళ్లు ఖాళీ అవుతాయి.

(తాజా కప్ప కాళ్ల మీద ఉప్పు చల్లితే అవి డ్యాన్స్ చేసే వీడియో మీకూ వచ్చే ఉంటుంది. ఫేక్ కాదు. ఉప్పులోని సోడియం వల్ల ఇంకా చావని కండరం కదులుతుంది. 1780లలో ఇటలీలో గాల్వానీ ఇలాగే కప్ప కాలు ఎగరడం చూసి జంతువులోనే కరెంటు ఉందన్నాడు. వోల్టా కాదన్నాడు. ఆ గొడవలోంచే 1800లో మొదటి బ్యాటరీ పుట్టింది. మీ చేతిలోని ఫోన్ వంశవృక్షంలో కప్ప కాలు కూడా ఉంది మరి.)

ఇప్పుడు అసలు సంగతి. ఫ్రాన్స్ తన కప్పలు తగ్గిపోతున్నాయని 1980లో వాటిని పట్టి అమ్మే వ్యాపారాన్ని ఆపేసింది. తినడం మాత్రం ఆపలేదు. మరి కాళ్లు ఎక్కడివి? ఫ్రీజర్‌లోంచి. ఆ ఫ్రీజర్‌లోకి? బయటి దేశాల నుంచి. 2011 నుంచి 2020 వరకు యూరోపియన్ యూనియన్ దేశాలు దాదాపు 4 కోట్ల కిలోల కప్ప కాళ్లు దిగుమతి చేసుకున్నాయి. ఎక్కువ భాగం ఇండోనేషియా నుంచి. కిలో కాళ్లకి సైజుని బట్టి 20 నుంచి 50 కప్పలు కావాలి. గుణించండి. పదేళ్లలో 80 కోట్ల నుంచి 200 కోట్ల కప్పలు. తమ చెరువుల్లో కప్పకి చట్టం రక్ష, పక్కవాడి పొలంలో కప్ప మాత్రం కూర. నాకు నచ్చని లాజిక్ ఇదే.

ఇది మనకి పరాయి కథ కూడా కాదు. ఇండోనేషియా కంటే ముందు ఆ ఫ్రీజర్ నింపింది మనమే.

1950ల నుంచి 80ల దాకా ఇండియా కప్ప కాళ్లని పెద్ద ఎత్తున ఎగుమతి చేసింది. కొచ్చి లాంటి ఓడరేవుల నుంచి, రొయ్యలు వెళ్లే దారిలోనే. వానాకాలం రాత్రి పెట్రోమాక్స్ లైటు పట్టుకుని పొలం గట్ల మీద నడవడం, వెలుగుకి కళ్లు చెదిరి కదలకుండా కూర్చున్న కప్పని గోనెసంచిలో వేసుకోవడం. పట్టినవాడికి దక్కేది చిల్లర. వాళ్లకి కావాల్సింది బోదురుకప్ప, అంటే మన పొలాల్లో ఉండే పెద్దది, ఆకుపచ్చ చారలది. వెనక కాళ్లు రెండూ కోసుకుని మిగతాది పారేసేవారు. చాలాసార్లు ప్రాణం ఉండగానే కోస్తున్నారన్నది అప్పట్లో వచ్చిన పెద్ద విమర్శ. 1981లో ఒక్క ఏడాదే 4 వేల టన్నులకు పైగా వెళ్లాయి. మన సామెతలో కప్పల తక్కెడ అంటే తూకానికి అందని వ్యవహారం. వీళ్లు నిజంగానే తూకం వేసి ఓడ ఎక్కించారు.

తూకంలోకి రానిది ఇంకోటి ఉంది. బోదురుకప్ప పొలంలో ఖాళీగా కూర్చోదు. నోటికి అందిన పురుగు, మిడత, పీత, చిన్న ఎలుక పిల్ల, ఏదైనా మింగేస్తుంది. జీతం లేని కాపలా అది. దాన్ని సంచుల్లో ఎత్తుకెళ్లిపోతే ఆ పని ఎవరు చేయాలి? పురుగుమందు చేయాలి. కప్పల మీద వచ్చే డాలర్లు ఒకవైపు, పురుగుమందుల దిగుమతికి పోయే డాలర్లు ఇంకోవైపు పెట్టి చూడమని అప్పట్లో పర్యావరణవేత్తలు అడిగింది ఇందుకే. పురుగుమందు వాడకం పెరగడానికి కప్పలొక్కటే కారణమని నేను అనను, కొత్త వంగడాలూ ఎరువులూ కూడా అప్పుడే వచ్చాయి. అయినా ఆ ప్రశ్న న్యాయమైనదే. 1985లో బోదురుకప్ప అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందం సైటీస్ జాబితాలోకి ఎక్కింది. 1987లో మన ప్రభుత్వం ఎగుమతిని నిషేధించింది. కొన్నేళ్లకే బంగ్లాదేశ్ కూడా ఆపేసింది. యూరప్ ప్లేటు మాత్రం ఒక్క రోజు ఖాళీగా లేదు, సప్లయర్ మారాడంతే.

వానలు పడకపోతే కప్పని రోకలికి కట్టి, ఇంటింటికీ తిప్పి నీళ్లు పోయించే కప్పతల్లి ఆట మన ఊళ్లది. ఇలాంటి ఆటలున్న దేశం నుంచే అన్ని టన్నులు వెళ్లాయంటే నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

ఎగుమతి ఆగింది కానీ లోపల వేట ఆగలేదు. ఈశాన్యంలో కొన్ని తెగలకి కప్ప తరతరాల తిండి. ఇంటి కోసం పట్టుకునే నాలుగు కప్పలనీ కంటైనర్లనీ ఒకే గాట కట్టడం నాకు ఇష్టం లేదు. గోవా సంగతి వేరు. జూన్‌లో మొదటి వాన పడగానే టార్చిలైట్లతో పొలాల్లోకి దిగుతారు, అటవీ శాఖ వాళ్లు వెనకాల గస్తీ తిరుగుతారు. పట్టిన సరుకు కొన్ని హోటళ్లకి చాటుగా చేరుతుంది. మెనూలో ఉండదు, టేబుల్ దగ్గరికొచ్చి మెల్లగా అడుగుతారు. వీకెండ్‌కి హైదరాబాద్ నుంచి బండేసుకుని వెళ్లే గ్యాంగులకి ఇది అడ్వెంచర్‌లా కనిపిస్తుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మూడేళ్ల దాకా జైలు పడొచ్చని ఆ వెయిటర్ చెప్పడు.

సింగపూర్ ప్లేట్లలోకి వచ్చేవి ఎక్కువగా ఫారాల్లో పెంచినవి, కోళ్ల లాగే. ఫారాల మీద కూడా ప్రశ్నలున్నాయి. అక్కడ పెంచే అమెరికన్ కప్ప బయట పడితే స్థానిక కప్పల్ని తినేస్తుంది, కైట్రిడ్ అనే ఫంగస్ జబ్బునీ మోసుకొస్తుంది. అయినా రెండింట్లో ఒకటి ఎంచమంటే ఫారం కప్పే నయం అంటాను.

గోవాలో పట్టేది అలాంటిది కాదు. ఏడాదిలో ఎక్కువ భాగం మట్టిలో దాక్కునే బోదురుకప్ప బయటికొచ్చేదే ఆ మొదటి వానలకి. మగది పచ్చటి నిమ్మపండు రంగులోకి మారి, బుగ్గల కింద నీలం సంచులు ఉబ్బించి ఆడదాన్ని పిలుస్తుంది. ఆ అరుపు విని ఆడకప్ప వస్తుంది. అదే అరుపు విని టార్చి కూడా వస్తుంది. ఆ రాత్రి సంచిలో పడే ఆడకప్ప కడుపులో ఇంకా పెట్టని గుడ్లు వేలల్లో ఉంటాయి.