ఏ రౌటర్ కొనమంటారు?

ఇల్లు మారినవాళ్ళు, ఇంటి నుంచి పనిచేసేవాళ్ళు, పైగదిలోకి సిగ్నల్ రాక విసిగిపోయినవాళ్ళు, ఎవరైనా సరే "మీరు ఆ ఫీల్డే కదా, ఓ మంచి వైఫై రౌటర్ చెప్పండి" అంటే నేను ఎదురు ఒకటే అడుగుతాను. "దాన్లోకి మనం వేరే సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోవచ్చా?"

చాలామంది మొహం అదోలా పెడతారు. ఎన్ని యాంటెన్నాలు, ఎంత స్పీడు, ఎంత దూరం అని మాట్లాడదామని వచ్చినవాళ్ళకి ఇదెక్కడి ప్రశ్న అనిపించడం సహజమే. కానీ ఈ ప్రశ్నకి "ఔను" అని జవాబు వచ్చే నూరు డాలర్ల పెట్టె, "కాదు" అని జవాబు వచ్చే మూడొందల డాలర్ల పెట్టె కంటే మేలని నా గట్టి అభిప్రాయం. మామూలుగా ఇక్కడ పుస్తకాల గురించి రాసుకునేవాణ్ణి ఇవాళ ఈ గొడవలోకి దిగడానికి కారణం కూడా అదే. ప్రతివాళ్ళకీ ఫోన్లో గంటసేపు చెప్పే బదులు ఒకసారి రాసి పడేస్తే నయం కదా.

ముందు అట్టపెట్టె మీది అంకెల సంగతి. ఏఎక్స్3000 అని పెద్దక్షరాలతో ఉంటుంది. అది 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో 574, 5 గిగాహెర్ట్జ్ బ్యాండులో 2402 కలిపి, పైకి సర్దిన అంకె. మీ ఫోను సాధారణంగా ఒక సమయంలో ఒక బ్యాండు మీదే ఉంటుంది. మొగుడూ పెళ్ళాల జీతాలు కలిపి, ఇద్దరిలో ఒక్కొక్కరి జీతం అంత అని చెప్పుకోవడం లాంటిదిది. ఆ 2402 కూడా 160 మెగాహెర్ట్జ్ వెడల్పు ఛానెల్ దొరికితేనే. చాలా ఫోన్లు 80 దగ్గరే ఆగిపోతాయి, అంటే లెక్క 1201కి దిగుతుంది. అందులో నిజంగా చేతికొచ్చేది సగానికి అటూ ఇటూ. మీ ఇంటికొచ్చే కనెక్షనే 300 మెగాబిట్లయినప్పుడు ఈ అంకెల కోసం అదనంగా రెండొందలు పోయడం దేనికి?

అసలు జబ్బు వేరే చోట ఉంది. అమెరికాలో కేబుల్ కనెక్షన్లకి కిందికి వచ్చేదాంతో పోలిస్తే పైకి చాలా తక్కువే ఇచ్చే ప్లాన్లు ఇంకా కోకొల్లలు. మీరు ఆఫీసు మీటింగులో ఉంటారు. పక్కగదిలో ఎవరిదో ఫోను, పార్టీలో తీసిన రెండొందల ఫొటోలని క్లౌడ్‌లోకి ఎక్కించడం మొదలెడుతుంది. ఉన్నట్టుండి మీ గొంతు ముక్కలు ముక్కలవుతుంది. స్పీడ్ టెస్టు పెడితే "బ్రహ్మాండంగా ఉంది" అంటుంది. బ్రహ్మాండంగానే ఉంది మరి. లోపం స్పీడులో లేదు, వరసలో ఉంది. రైల్వే గేటు పడితే ముందు ముప్ఫై లారీలు, వాటి వెనక అంబులెన్సు నిలబడినట్టు, మీ మాటల చిన్న చిన్న ప్యాకెట్లు ఆ ఫొటోల వెనక మోడెమ్‌లో ఇరుక్కుపోతాయి.

దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టింది జిమ్ గెటిస్. దీన్ని వదిలించాలని పదేళ్ళకు పైగా పట్టుబట్టి తిరిగినవాడు డేవ్ టాట్. 2025 ఏప్రిల్లో పోయాడు. ఆయనా ఆయన బృందమూ కలిసి తీర్చిదిద్దిన కేక్ అనే పద్ధతి 2018 నుంచి లినక్స్ కెర్నల్‌లోనే ఉంది. అది చేసేది చూడ్డానికి చిన్న పని. ఒక్కొక్క సంభాషణని విడివిడి వరసలో నిలబెట్టి, వంతులవారీగా వదులుతుంది. లైను పట్టగలిగిన దాంట్లో 90 శాతం దగ్గర మనమే కళ్ళెం వేస్తే, వరస మోడెమ్‌లో కాక మన రౌటర్‌లో ఏర్పడుతుంది. అంటే అదుపు మన చేతికొస్తుంది. స్పీడ్ టెస్టులో అంకె కాస్త తగ్గుతుంది, ఇంట్లో అందరికీ నెట్ బాగుపడినట్టు అనిపిస్తుంది. నూటికి తొంభైమందికి కావలసిన "స్పీడు" ఇదే. కానీ పెద్ద పెద్ద కంపెనీల రౌటర్లలో ఈ సదుపాయం ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఉన్నా పేరు మార్చి, గేమింగ్ మోడల్ అని రంగురంగుల లైట్లు పెట్టి అమ్ముతారు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేసుకుంటే ఉచితంగా దొరుకుతుంది.

ఆ నోరు తిరగని పేరు వెనక ఓ కథ ఉంది. 2002 చివర్లో లింక్‌సిస్ వాళ్ళు డబ్ల్యూఆర్‌టీ54జీ అని నీలం, నలుపు రంగుల పెట్టె ఒకటి తెచ్చారు. దాని లోపల నడిచేది లినక్స్ అని కొందరు ఔత్సాహికులు కనిపెట్టారు. లినక్స్ లైసెన్సు ప్రకారం, దాన్ని వాడి వస్తువు అమ్మితే ఆ మూలాన్ని కూడా పంచాలి. అప్పటికి లింక్‌సిస్‌ని సిస్కో కొనేసింది. పట్టుబట్టి అడిగితే 2003లో బయటపెట్టారు. ఆ కోడ్ పట్టుకుని 2004లో మొదలైందే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ. డీడీ-డబ్ల్యూఆర్‌టీ, టొమాటో లాంటివీ ఆ చెట్టు కొమ్మలే. తరవాత 2005లో కంపెనీ ఏం చేసిందంటే, అదే పేరు, అదే రంగు, అదే ఆకారంతో ఐదో వెర్షన్ వదిలింది. లోపల మెమరీ సగానికి కోసేసి, లినక్స్ తీసేసి వేరే సిస్టం పెట్టింది. జనం గోల చేస్తే, పాత సరుకునే చివర ఎల్ అనే అక్షరం తగిలించి ఇంకో మోడల్‌గా అమ్మింది. అదీ ఏళ్ళ తరబడి అమ్ముడుపోయింది!

ఇది పాత ముచ్చటే కానీ ఇందులో ఇవాళ్టికీ పనికొచ్చే సంగతొకటుంది. రౌటర్ కొనేటప్పుడు మోడల్ పేరు ఒక్కటే చూస్తే చాలదు, అడుగున స్టిక్కర్ మీద ఉండే వెర్షన్ నంబరు చూడాలి. ఒకే పేరుతో వీ1లో ఒక చిప్పు, వీ2లో ఇంకో చిప్పు పెట్టడం ఈ వ్యాపారంలో మామూలు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ సైటులో పరికరాల పట్టిక ఉంటుంది. దుకాణానికి వెళ్ళే ముందు అందులో మీ మోడల్, మీ వెర్షన్ రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి. బ్రాడ్‌కామ్ వైఫై చిప్పు అయితే నేను అక్కడే వదిలేస్తాను, వాళ్ళ డ్రైవర్లు బయటికి రావు. మీడియాటెక్ అయితే ధైర్యంగా ముందుకెళ్తాను.

సరే, కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన ఇబ్బందేమిటి, పనిచేస్తోంది కదా అంటారు. పనిచేస్తుంది, ఎన్నాళ్ళు అన్నదే ప్రశ్న. చవక రౌటర్‌కి కొన్నేళ్ళ తరవాత అప్‌డేట్లు ఆగిపోతాయి. పెట్టె మాత్రం ఎప్పటిలాగే పచ్చలైటు వెలిగించుకుంటూ కూర్చుంటుంది. 2018లో వీపీఎన్‌ఫిల్టర్ అనే దొంగ సాఫ్ట్‌వేర్ 54 దేశాల్లో ఐదు లక్షల పరికరాల్లోకి, ఎక్కువగా ఇలాంటి ఇంటి రౌటర్లలోకి, దూరిందని సిస్కో పరిశోధకులు లెక్కగట్టారు. అందరూ ఓసారి రౌటర్ ఆపి మళ్ళీ వేసుకోండని ఎఫ్‌బీఐ ప్రకటన ఇవ్వాల్సొచ్చింది. మన బ్యాంకు పనులు, పిల్లల బళ్ళు, ఆఫీసు అన్నీ ఆ ఒక్క గుమ్మంలోంచే వెళ్తాయి. ఆ గుమ్మం తాళం మార్చాలా వద్దా అన్నది, మనకి కొత్త తలుపు అమ్మితే తప్ప లాభంలేనివాడి చేతిలో పెట్టడం నాకు నచ్చదు.

ఇక నెలనెలా అద్దె కట్టి కంపెనీ ఇచ్చిన పెట్టెనే వాడేవాళ్ళ సంగతి. నెలకి 15 డాలర్లంటే ఏడాదికి 180. రెండేళ్ళ అద్దెతో మంచి రౌటరూ మోడెమూ కొనుక్కోవచ్చు. మన సొంత పెట్టె పెట్టుకుంటే, వాడని పెట్టెకి అద్దె వసూలు చేయకూడదని 2019లో చట్టమే చేశారు. బిల్లులో ఆ గీత ఉంటే ఫోన్ చేసి తీయించుకోండి.

నాకు మాత్రం ఈ పెట్టె అసలు విలువ తెలిసింది ఇక్కడ కాదు, ఊళ్ళో అమ్మావాళ్ళింట్లో. దూరంగా ఉన్న కొడుకులందరికీ ఈ సంభాషణ కంఠతా వచ్చే ఉంటుంది.

"నెట్ రావట్లేదు నాన్నా."

"ఎర్ర లైటు ఉందామ్మా, పచ్చదా?"

"ఒకటి ఎర్రది, రెండు పచ్చవి, ఒకటి ఆరి వెలుగుతోంది."

"ఓసారి స్విచ్ ఆపి వెయ్యి."

"రెండుసార్లు వేశాను. లైన్‌మన్‌కి చెప్తే రేపొస్తానన్నాడు."

ఆ రేపు ఎప్పటికొస్తుందో మీకూ తెలుసు. ఇక్కడి జిప్సం బోర్డు గోడలు కావవి, ఇటుక గోడలు, నడుమ సిమెంటు శ్లాబు. కింద హాల్లో పెట్టిన పెట్టె పైన పడకగదికి చేరదు. కంపెనీవాడు పెట్టిన పెట్టె వెనక 30, 40 డాలర్లకి దొరికే జేబు రౌటర్ ఒకటి తగిలించాను. జీఎల్-ఐనెట్ వాళ్ళవి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఆధారంగానే వస్తాయి. అక్కడ చాలా కనెక్షన్లలో ఇంటికి సొంత చిరునామా ఉండదు. వీధి మొత్తానికి ఒకే డోర్ నంబరు ఇచ్చినట్టు, కొన్ని వందల ఇళ్ళని ఒకే అడ్రసు వెనక దాస్తారు. బయటినుంచి ఆ ఇంటి తలుపు తట్టడం కుదరదు. కానీ లోపలివాళ్ళు బయటికి రావచ్చు కదా. అందుకని అక్కడి రౌటర్‌కే చెప్పాను, వైర్‌గార్డ్ మీద మా ఇంటి రౌటర్‌కి నువ్వే వచ్చి కలువు అని. రెండింట్లో ఒకరికి పబ్లిక్ అడ్రసు ఉంటే చాలు. లైను ఉన్నంతసేపూ ఇక్కడ కూర్చునే పాస్‌వర్డ్ మారుస్తాను, ఛానెల్ మారుస్తాను, పెట్టెని రీస్టార్ట్ చేస్తాను. లైనే పోతే లైన్‌మన్ రావాల్సిందే, దానికి మందు లేదు. కరెంటు కోతలకి ఓ చిన్న 12 వోల్టుల యూపీఎస్ కూడా పెట్టించండి, దాని ముందు ఈ తెలివితేటలన్నీ దిగదుడుపే.

ఇక్కడొక మాట. రౌటర్ మీ చేతిలో ఉందంటే, ఇంట్లో ఎవరు ఏ సైటుకి వెళ్తున్నారో ఆ పేర్లు కూడా మీ చేతిలో ఉన్నట్టే. ఆ లాగ్ నేను ఆపేసి ఉంచుతాను, అమ్మానాన్నల ఇంట్లో మరీను. ప్రకటనల్ని అడ్డుకునే ఫిల్టరు వాళ్ళకి పెట్టాను, అది వాళ్ళకి చెప్పే పెట్టాను. వయసొచ్చిన పిల్లలున్న మిత్రులు దీనికి ఒప్పుకోరు. వాళ్ళ వాదన వాళ్ళది. రాత్రి పదింటికి టాబ్లెట్‌కి నెట్ ఆపేయడం వరకూ అయితే నాకు అభ్యంతరం లేదు. దానికి నెలవారీ చందా అడిగే కంపెనీలంటేనే చిరాకు.

ఇప్పుడు డబ్బుల లెక్క. కొత్తది కావాలంటే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వాళ్ళే 2024 చివర్లో సొంతంగా ఒకటి తెచ్చారు, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వన్ అని. వచ్చినప్పుడు 89 డాలర్లు, గిగాబైట్ ర్యామ్. ఏదైనా చెడగొట్టుకున్నా తిరిగి లేపడానికి వేరే చిన్న ఫ్లాష్ చిప్పు ఉంచారు. కాకపోతే నెట్‌వర్క్ తీగలు గుచ్చే పోర్టులు రెండే, అంటే పక్కన ఓ చిన్న స్విచ్ కూడా కొనుక్కోవాలి. పెద్దిల్లు, గిగాబిట్ లైను అయితే జీఎల్-ఐనెట్ ఫ్లింట్ 2, 150 డాలర్ల చుట్టూ. వాడినవాటికి అభ్యంతరం లేకపోతే లింక్‌సిస్ ఈ8450, బెల్కిన్ ఆర్‌టీ3200, లోపల రెండూ ఒకటే, 512 మెగాబైట్ల ర్యామ్. ఎక్కించే పద్ధతి మాత్రం కాస్త తిరకాసు, సూచనలు రెండుసార్లు చదివాక మొదలుపెట్టండి. గరాజ్ సేల్‌లో పదికి దొరికిందని పాత టీపీ-లింక్ ఆర్చర్ సీ7 తెచ్చుకుంటే 200 మెగాబిట్ల లోపు లైనుకి సరిపోతుంది. అంతకు మించితే కేక్ నడపడానికి దాని ప్రాసెసర్‌కి ఊపిరాడదు. 4 మెగాబైట్ల ఫ్లాష్, 32 మెగాబైట్ల ర్యామ్ ఉన్న మరీ ముసలివాటిని ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వాళ్ళే వదిలేశారు, మీరూ వదిలేయండి.

ఇదంతా అందరికీ కాదని నాకూ తెలుసు. శనివారం మధ్యాహ్నం రెండు గంటలు దీనికి ఇవ్వలేనివాళ్ళు, అమెజాన్‌లో మూడు తెల్లడబ్బాల మెష్ కొనుక్కుని హాయిగా ఉండొచ్చు. ఇంకో న్యాయమైన అభ్యంతరం మా ఇంట్లోంచే వచ్చింది. "మీరు ఊళ్ళో లేనప్పుడు ఇది ఆగిపోతే నేనేం చెయ్యాలి?" అని. ఇది సాంకేతిక ప్రశ్న కాదు గానీ అన్నిటికంటే పెద్ద ప్రశ్న. అందుకే మా బీరువా తలుపు లోపల ఓ కాగితం అంటించి ఉంది. దాని మీద తెలుగులో, పెద్దక్షరాలతో నాలుగు సంగతులున్నాయి. ఏ తీగ ఎక్కడ పెట్టాలో, రీసెట్ బొత్తాం ఎన్ని సెకన్లు నొక్కాలో, పాస్‌వర్డ్ ఏమిటో, ఏదీ కుదరకపోతే అటకమీద ఉన్న పాత పెట్టె ఎలా తగిలించాలో. కిందటి నెల నేను ప్రయాణంలో ఉండగా ఆ కాగితం చూసి తనే బాగుచేసుకుంది, నాకు ఫోన్ కూడా చెయ్యలేదు.