కర్ర కాదు, పార తియ్యండి

మా పలాసలో కుక్కపిల్ల పెంటలో నోరు పెడితే చాలు, "కుక్క బుద్ధి ఎక్కడికి పోద్దమ్మా!" అని కర్ర తీస్తారు. నేనొప్పుకోను. తల్లికుక్కే పిల్లల పెంట తిని గూడు శుభ్రం చేస్తుంది. కూనలూ అలాగే రుచి చూస్తాయి. పెద్దయ్యాక కూడా తింటోందంటే ఆకలో, నులిపురుగులో, రోజంతా కట్టేసిన విసుగో కారణం కావచ్చు.

నేనూ మొదట్లో కొట్టాను. మానలేదు సరికదా, నన్ను చూసి గబుక్కున మింగడం నేర్చింది. పశువుల డాక్టరు చేత నులిపురుగుల మందు వేయించాను. కడుపునిండా పెడుతున్నాను. అది దొడ్డికెళ్లగానే పిలిచి, ఉడికించిన గుడ్డుముక్క ఇచ్చి, పెంట పారతో ఎత్తేస్తున్నాను. చాలావరకు మానేసింది.

ఇంట్లో మరుగుదొడ్డికి తాళం వేసి, ఉద్దానం జీడితోటల్లోకి చెంబు పట్టుకెళ్లేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లు వదిలింది తిన్నందుకు దెబ్బలు మాత్రం కుక్కకా?